పాతకారును ఘాట్ ఎక్కనివ్వండి

కరీంనగర్‌లో పాత అంబాసిడర్‌నో ఫియట్‌నో బయటికి తీసి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పోతున్నానని చెప్పి చూడండి. ఎదుటివాళ్లు ముందు కారును మెచ్చుకుంటారు. ఆ వెంటనే, "గిది ఘాట్ ఎక్కుతదా? వద్దు సార్, బస్సుల పోండ్రి" అంటారు. పెట్రోలు బంకులో ఇదే మాట, చాయ్ హోటల్లో ఇదే మాట, పెళ్లి భోజనాల దగ్గర ఇదే మాట. చదువుకున్నవాళ్లు ఇంకో అడుగు ముందుకేస్తారు. పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కుకు పంపాలట, యాభై ఏళ్లు దాటినదాన్ని ప్రదర్శనశాలలో పెట్టాలట, కొండదారిని కొత్త బండ్లకే వదిలేయాలట.

ఈ అభిప్రాయం ఊరికే పుట్టలేదు. నమ్మేవాళ్లకు కారణాలున్నాయి. పాత ఇంజను ఎక్కుడులో వేడెక్కి నడిమధ్యలో ఆగిపోతుంది. దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులు కాలిపోయి పట్టు వదులుతాయి. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగు లేదు, కొన్నింటికి సీటుబెల్టు కూడా లేదు. మెల్లగా పోతూ వెనకాల వచ్చేవాళ్లకు అడ్డమవుతుంది. పొగ ఎక్కువ. ఇన్ని లోపాలున్న బండిని సరదా కోసం ఘాట్ ఎక్కిస్తే, దాని ఖరీదు రోడ్డు మీదున్న మిగతావాళ్లు చెల్లించాల్సి వస్తుంది. ఇదీ వాదన. దీనికి ఇంతకంటే బలమైన రూపం నాకు తెలియదు.

ఇందులో నిజాలున్నాయి. తీర్మానం మాత్రం తప్పు. ఘాట్‌లో ప్రాణం తీసేవి మూడు: మోయలేని బరువు, మలుపుకు తగని వేగం, కింది దాకా బ్రేకు మీదే కాలు పెట్టి దిగే అలవాటు. బండి ఏ సంవత్సరంలో తయారైందో తెలిసినంత మాత్రాన ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు. వయసును కొలిచి భద్రతను కొలిచామనుకోవడం వల్ల మనం తప్పు బండిని ఆపుతున్నాం, ఆపాల్సినదాన్ని వదిలేస్తున్నాం.

1. పదిహేనేళ్ల గడువు ఎక్కడిది?

చట్టంతో మొదలుపెడతాను, ఎందుకంటే వాదన ఎటు తిరిగినా చివరికి "గవర్నమెంటే పదిహేనేళ్లన్నది గదా" దగ్గరికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. అంటే పదిహేనో ఏడు పరీక్ష రాయాల్సిన ఏడు. దాన్ని జనం మరణశిక్ష పడే ఏడుగా చెప్పుకుంటున్నారు.

ఆ అంకె అందరి నోళ్లలో నానడానికి కారణం ఢిల్లీ. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014, 2015ల్లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని నిలబెట్టింది. అది ఢిల్లీ గాలి గురించిన ఉత్తర్వు. కొండ ఎక్కడం దిగడం గురించి అందులో ఏమీ లేదు. కరీంనగర్‌కు, ఆదిలాబాద్‌కు అది వర్తించదు. 2021 ఆగస్టులో వచ్చిన తుక్కు విధానం కూడా సొంత బండ్ల విషయంలో ఫిట్‌నెస్ పరీక్షనే ఆధారంగా తీసుకుంది. పదిహేనేళ్లకు కచ్చితంగా పక్కన పెట్టాలన్న నియమం 2023 ఏప్రిల్ నుంచి సర్కారు బండ్లకు పెట్టారు. మన ఇంటి కారు సర్కారు బండి కాదు.

యాభై ఏళ్లు దాటి, తయారైన రూపంలోనే ఉన్న బండ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా చేయించుకుంటే రూ.20,000, మళ్లీ చేయించుకుంటే రూ.5,000, నంబరులో 'వీఏ' అక్షరాలు, పదేళ్ల గడువు. రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు తీసుకెళ్లవచ్చు. ఈ కట్టుబాటు మీద నాకు అభ్యంతరాలున్నాయి, అవి వేరే చోట. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే: ర్యాలీకి అనుమతి ఉంది, ఆ ర్యాలీ మైదానంలోనే సాగాలని ఎక్కడా రాయలేదు.

2. ఎక్కుడు

"సగం ఎక్కి ఆగిపోతది" అనేవాళ్లు ఘాట్ రోడ్డును గోడలాగా ఊహించుకుంటున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల ప్రకారం కొండదారి వాలు మామూలుగా నూటికి 5 నుంచి 6, మరీ తప్పనప్పుడు 7 లేదా 8. అంటే నూరు మీటర్లు ముందుకు పోతే పైకి లేచేది ఐదారు మీటర్లు, ఎంత నిలువైనా ఎనిమిది. నిర్మల్ దగ్గరి మన మహబూబ్ ఘాట్ నాగపూర్–హైదరాబాద్ పాత దారి మీదిది. ఎడ్లబండి కాలం నుంచి నడిచిన దారి అది. నాలుగు వరుసల రహదారి పడక ముందు, అది ఇంకా 7వ నంబరు జాతీయ రహదారిగా ఉన్నప్పుడు, ఉత్తరాది లారీలన్నీ ఆ మలుపుల్లోంచే దిగేవి. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూర్ పోయే దారిలో కెరమెరి ఘాట్ ఉంది. జోడేఘాట్‌కు, మార్లవాయికి, కేస్లాపూర్ నాగోబా జాతరకు ఆ వైపు నుంచి జనాన్ని మోసినవి ఏళ్ల తరబడి జీపులే. ఈ దారుల మీద మొదట తిరిగిన మోటారు బండ్లనే ఇవాళ ఈ దారులకు పనికిరావంటున్నాం.

లెక్క వేసి చూడండి. ఫియట్ 1100ను తర్వాత ప్రీమియర్ పద్మిని అన్నాం. దాని ఇంజను 1,089 సీసీ, శక్తి సుమారు 40 హార్స్‌పవర్. నలుగురు మనుషులు, డిక్కీలో సామాను వేసుకుంటే మొత్తం బరువు 1,200 కిలోల దగ్గరికి వస్తుంది. నూటికి 7 వాలును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, రోడ్డు రాపిడిని కలుపుకున్నా, చక్రాల దగ్గర 10 నుంచి 12 హార్స్‌పవర్ చాలు. శక్తి కొరత ఎక్కడుంది? కొరత గేరు వేయడంలో ఉంది. మూడో గేరులో మూలుగుతున్న ఇంజనును రెండోకి దించకుండా యాక్సిలరేటర్ నొక్కుతూ పోతే ఎంత కొత్త బండైనా వేడెక్కుతుంది. పాత మోడళ్లలో మొదటి గేరును సాఫీగా కలిపే సింక్రోమెష్ ఉండదు. బండి కదులుతుండగా ఆ గేరు పడాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కే డబుల్ క్లచ్ కొట్టడం తెలిసుండాలి. తెలియనివాడు మలుపు మధ్యలో గేరు పడక ఆపేసి, నేరం కారు మీదికి నెడతాడు.

గేరు ప్రశ్నను ప్రపంచం నూరేళ్ల కిందే తేల్చుకుంది. 1912లో ఆస్ట్రియా ఆల్ప్స్ పరీక్షలో జేమ్స్ ర్యాడ్లీ నడిపిన రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ కాట్ష్‌బర్గ్ కనుమ ఎక్కుతూ ఆగిపోయింది. లోపల కూర్చున్నవాళ్లను దించితే గానీ కదలలేదు. కారణం ఆ కారుకు మూడే గేర్లుండటం, వాటిలో మొదటిది ఆ వాలుకు సరిపోకపోవడం. కంపెనీ నాలుగు గేర్ల పెట్టె తయారు చేసి 1913లో మళ్లీ అదే పరీక్షకు వెళ్లి పేరు తెచ్చుకుంది. ఆ సిల్వర్ గోస్ట్ రకం కారునే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డరిచ్చాడు. నిర్మల్ దగ్గరి ఘాట్‌కూ మహబూబ్ పేరే ఉంది.

ఎండ సంగతి వేరు. అది నిజమైన సమస్య. ఆదిలాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీలుంటుంది. ఇంజను పక్కనే బిగించిన మెకానికల్ పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బురేటర్‌కు అందదు. కారు రెండుసార్లు దగ్గి, ఇగిలించి ఆగిపోతుంది. దీనికి మందు పాత డ్రైవర్లందరికీ తెలుసు: బానెట్ లేపి, తడిగుడ్డ పంపు మీద చుట్టి, పావుగంట నీడన నిలబడటం. రేడియేటర్ మూత మాత్రం ముట్టకూడదు, మరుగుతున్న నీళ్లు ముఖాన కొడతాయి. బయల్దేరే ముందు ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మును వెనకవైపు నుంచి నీళ్లు కొట్టి కడగాలి. పెట్రోలు గొట్టాలు పాత రబ్బరువైతే మార్చేయాలి, ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ రబ్బరును మెత్తబరిచి పగలగొడుతుంది. ఇవన్నీ చేసి, పొద్దున ఎనిమిదిలోపు ఘాట్ దాటేలా బయల్దేరితే వేడి గురించి చెప్పుకోవాల్సింది ఇంకేమీ ఉండదు. ఆగినా, ఎక్కుడులో ఆగిన కారు ఓ పక్కకు ఒదిగి నిలబడుతుంది. చక్రం వెనక రాయి పెడితే అది ఎవరి మీదికీ పోదు.

ఇంత చెప్పినా నమ్మనివాళ్లు డార్జిలింగ్ వైపు చూడాలి. మనేభంజాంగ్ నుంచి సందక్‌ఫూ దాకా 30 కిలోమీటర్లకు పైగా దారి, చివరి ఎత్తు 3,636 మీటర్లు. ఆ దారి మీద 1950ల నాటి ల్యాండ్‌రోవర్లు దశాబ్దాలపాటు యాత్రికులను మోశాయి. కొన్నింటికి ఇంజన్లు మార్చుకున్నారు, నిజమే. బండ్లు మాత్రం ఆ కాలానివే. వాటిని నడిపింది ఆ ఊరి డ్రైవర్లు. వాళ్లు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగారు.

3. దిగుడు

ఇదే అసలు ప్రశ్న. ఎక్కుడులో కారు ఆగితే ఆలస్యమవుతుంది, దిగుడులో ఆగకపోతే ప్రాణం పోతుంది. పాతకారు మీద వచ్చే అభ్యంతరాల్లో గౌరవించాల్సింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కొండ దిగుతున్న బండి తన ఎత్తును వేడిగా మార్చుకుంటూ దిగుతుంది. నలుగురితో 1,400 కిలోలున్న అంబాసిడర్ నూరు మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడితో నాలుగైదు లీటర్ల నీళ్లను మరిగేదాకా కాయవచ్చు. ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. రెండో గేరులో దిగితే చాలామట్టుకు ఇంజనులోకి, అక్కడి నుంచి గాలిలోకి పోతుంది. న్యూట్రల్ కొట్టి దిగితే అంతా బ్రేకు డ్రమ్ముల్లోకే పోతుంది. డ్రమ్ము కాలి వ్యాకోచించి లైనింగ్ నుంచి దూరం జరుగుతుంది, లైనింగ్ జారుడెక్కుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. బ్రేకు పట్టు వదలడమంటే ఇదే. బరువు రెట్టింపైతే వేడి రెట్టింపవుతుంది. మలుపు ముందు అణచాల్సిన వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఈ లెక్కలో బరువు, ఎత్తు, వేగం, గేరు అన్నీ ఉన్నాయి. తయారైన సంవత్సరానికి ఇందులో చోటు లేదు.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలోనే కొండగట్టు ఉంది. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. శనివారంపేట చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లు. ఆ రోజు మొదలు మన జిల్లాల్లో ఘాట్ గురించి ఎవరు మాట్లాడినా అది గుర్తొస్తుంది, గుర్తురావాలి కూడా. "పాత బస్సు" అన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది, ఇప్పటికీ పాతబండ్ల మీద వాదనకు దాన్నే తెస్తారు. కానీ ఆ బస్సులో యాభై చిల్లర మంది పట్టాల్సిన చోట వందమంది దాకా ఉన్నారు. అదనంగా ఎక్కిన మనుషుల బరువే రెండున్నర టన్నుల దరిదాపు. అంత బరువుతో దిగే బండి నిన్న షోరూం నుంచి వచ్చినదైనా దాని బ్రేకుల మీద పడే భారం అదే. ఆ ఊళ్లకు ఆ పూట ఇంకో బస్సు వేసి ఉంటే మనుషుల బరువు సగమయ్యేది. పల్లెకు సరిపడా బస్సులెందుకు లేవన్న ప్రశ్నను "పాత బస్సు" అన్న మాట కప్పేసింది. బండిని సరిగ్గా చూసుకోవడం తప్పనిసరి, అందులో నాకు రెండో మాట లేదు. చూసుకోవడం అంటే కండిషన్, దాన్ని వయసుతో కలిపేయడం వల్ల నష్టపోయింది కొండగట్టు ప్రయాణికులే.

పాతకారు బ్రేకుల్లో ఒక బలహీనత నిజంగా ఉంది. నన్ను విమర్శించేవాళ్లలో చాలామంది దాన్ని ఎత్తనే ఎత్తరు, కాబట్టి నేనే చెబుతాను. పాత మోడళ్లలో బ్రేకు ఆయిల్‌కు ఒకటే దారి. నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండర్. ఎక్కడో ఒక గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. తర్వాతి కార్లలో దాన్ని రెండు దారులుగా విడగొట్టారు, ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. పాతకారుకు మిగిలేది తీగతో వెనక చక్రాలను పట్టే హ్యాండ్‌బ్రేకు, కింది గేరు. అందుకే ఘాట్ ముందు చక్రాలు విప్పి చూడాలని నేను పట్టుబడతాను. కరీంనగర్‌లో ఓ పాత షెడ్డులో ఈ పని ఎలా చేస్తారో చూడండి. డ్రమ్ము ఊడదీస్తాడు. లోపల నల్లటి దుమ్ము పొడిగా ఉంటే మంచిది. వీల్ సిలిండర్ రబ్బరు బూటును వేలితో లేపుతాడు. కింద తడి తగిలిందా, ఆ సిలిండర్ కారుతున్నట్టు. లైనింగ్ రివెట్ల దాకా అరిగిందేమో గోటితో కొలుస్తాడు. డ్రమ్ము అంచున గాడి పడిందేమో వేలు తిప్పుతాడు. గొట్టం వంచి చూస్తాడు, వంపులో పగుళ్లు కనబడితే మార్చమంటాడు. నాలుగు చక్రాలకు ఒక పూట పని. తర్వాత పాత ఆయిల్ అంతా తోడేసి కొత్తది పోసి గాలి తీస్తాడు.

ఆ ఆయిల్ గురించే ఇంకో మాట. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా పోసినప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి పెడల్ దూదిలా కుంగిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఈ రెండు అంకెల మధ్య తేడాయే బతుక్కీ చావుకీ తేడా. ఐదారేళ్ల కిందట కొని, ఒక్కసారీ బ్రేకు ఆయిల్ మార్పించని కొత్త మోడల్ బండ్లు మన రోడ్ల మీద ఎన్నో ఉన్నాయి. ఆటోమేటిక్ గేరును 'డి'లోనే వదిలేసి, రెండు టన్నుల బరువుతో, ఏడుగురితో, కింది దాకా బ్రేకు తొక్కుతూ దిగేవాళ్లను ఏ ఆదివారమైనా చూడవచ్చు. మలుపుల దగ్గర లైనింగ్ కాలిన వాసన వస్తుంటుంది. మొన్ననే డ్రమ్ములు విప్పించి, కొత్త ఆయిల్ పోయించి, రెండో గేరులో ఇరవై మీద దిగే 1964 ఫియట్ ప్రమాదకరమట, ఈ రెండు టన్నుల బండి భద్రమట. ఈ తీర్పు ఏ లెక్క ప్రకారమో చెప్పమని అడుగుతున్నాను.

4. "అడ్డమొస్తది"

మెల్లగా పోవడం నేరమన్నట్టు మాట్లాడుతున్నారు. ఘాట్‌లో వెనక్కి మళ్లే మలుపును, అంటే జడపిన్ను మలుపును, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గంటకు 20 కిలోమీటర్ల వేగానికి గీస్తుంది. రోడ్డు వేసిన ఇంజనీరు ఏ వేగానికి లెక్క కట్టాడో పాతకారు ఆ వేగంతోనే పోతోంది. దాని వెనక హారన్ కొట్టేవాడే లెక్క తప్పుతున్నాడు. ఇరుకు కొండదారిలో దిగే బండి ఎక్కే బండికి దారివ్వాలని డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. దీన్ని పాటించేవాళ్లు ఎంతమంది?

"తిరుమలకు పాత మోడల్ బండ్లను ఎక్కనియ్యరు గదా" అని నన్ను అడుగుతారు. అదే తిరుమలలో ఎక్కడానికి 28 నిముషాలు, దిగడానికి 40 నిముషాల కంటే తక్కువ సమయం తీసుకుంటే జరిమానా పెట్టారు. ఘాట్‌లో ప్రమాదం వేగంతో వస్తుందని, ఎక్కుడు కంటే దిగుడు నెమ్మదిగా సాగాలని తెలిసినవాళ్లు పెట్టిన నియమం అది. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు. ఆనాటి బండ్లు ఎక్కిన కొండ అది. పాఠం తీసుకోవాలంటే ఆ నిముషాల లెక్కను తీసుకుందాం.

తొందరున్నవాళ్లకు 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసల్లో ఉంది. పాత మహబూబ్ ఘాట్ దారిని నెమ్మదిగా పోయేవాళ్లకు వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు.

5. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు

ఢీకొంటే పాతకారు కొత్తకారంతగా కాపాడదు. దీన్ని నేను కాదనను. అంబాసిడర్ రేకు మందమని, అది గట్టిదని గొప్పలు చెప్పేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. ఢీకొన్నప్పుడు నలిగిపోయి దెబ్బను తాను తీసుకునేలా కొత్తకారు ముందుభాగాన్ని తయారు చేస్తారు. పాత రేకు నలగకుండా ఆ దెబ్బను లోపలి మనిషికి పంపుతుంది. అందుకే పాతకారులో పిల్లలను ముందు కూర్చోబెట్టకూడదు, బెల్టులు లేకపోతే బిగించుకోవాలి, చీకట్లో, వానలో ఘాట్ ముట్టకూడదు.

కానీ ఈ నిజం నుంచి నిషేధానికి ఎలా దూకుతారు? ఎయిర్‌బ్యాగు లేని మోటారు సైకిల్ మీద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు రోజూ కెరమెరి ఘాట్ ఎక్కుతున్నారు. వాళ్లను ఎవరూ ఆపమనరు, ఆపకూడదు కూడా, వాళ్లకు వేరే దారి లేదు. ఎయిర్‌బ్యాగు లేకపోవడమే బండిని ఆపడానికి చాలిన కారణమైతే, మన ఏజెన్సీ గూడేల్లో సగం కదలిక ఆగిపోతుంది. పాతకారు నడిపేవాడు తన ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చుకుంటున్నాడనండి, ఒప్పుకుంటాను. ఎదుటివాడి ప్రాణానికి ఎక్కువ ముప్పు తెస్తున్నాడంటే మాత్రం పైన చెప్పిన బరువు, వేగం లెక్క నాకు చూపించాలి.

6. పొగ, ప్రదర్శనశాల

పొగ గురించి క్లుప్తంగా. కార్బురేటర్ ఇంజను కిలోమీటరుకు ఎక్కువ పొగ వదులుతుంది. ఏడాదిలో కొన్నిసార్లు బయటికొచ్చే కారు మొత్తం మీద వదిలేది, రోజూ తిరిగే ఒక డీజిల్ బండి ముందు లెక్కకు రాదు. పొగ పరీక్ష పెట్టండి, తప్పితే ఆపండి. ఎవరూ అడ్డుపడరు.

ప్రదర్శనశాల మాట దీనికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది ప్రేమలా వినబడుతుంది. మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన ఆ పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఆయన చనిపోయాక వచ్చింది, ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని పెద్దగా వాడలేదు. నూరేళ్లలో కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగి ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాన్ని చూసి ఆనందిస్తాం. కానీ ప్రతి కారుకూ ప్యాలెస్ ఉండదు, కాపాడే సిబ్బంది ఉండరు. జగిత్యాలలోనో మంచిర్యాలలోనో పెంకుటింటి పక్క రేకుల షెడ్డులో నిలబెట్టిన ఫియట్ రెండు వానాకాలాలకు ఏమవుతుంది? వీల్ సిలిండర్ల లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుంటుంది. ట్యాంకులో పెట్రోలు జిగురై జెట్లు మూసుకుపోతాయి. క్లచ్ ప్లేటు అతుక్కుంటుంది. సీళ్లు ఎండి ఆయిల్ కారుతుంది. నేల తగిలిన చోట టైరు చదునవుతుంది. ఆ తర్వాత దాన్ని కొనడానికి వచ్చేది కిలోల లెక్కన తూచుకునే తుక్కు వ్యాపారి ఒక్కడే. నడపొద్దని చెప్పేవాడు ఆ తుక్కు త్రాసును ఇంటికి పిలుస్తున్నాడు.

కారుతో పాటు పోయేవి ఇంకా ఉన్నాయి. కార్బురేటర్ విప్పి చెవితో విని ట్యూన్ చేసే మెకానిక్, డ్రమ్ములను లేతు మీద తిప్పించే షెడ్డు, డబుల్ క్లచ్ తెలిసిన డ్రైవర్, ఘాట్‌లో ఇంజను చప్పుడు విని గేరు మార్చడం నేర్పే పెద్దమనిషి. ఈ విద్య పాతబండి ఉన్నంతకాలమే ఉంటుంది. పాతకారు మీద ఘాట్ దిగడం నేర్చుకున్నవాడు కొత్తకారులో కూడా కింది గేరులోనే దిగుతాడు. కొత్తకారులోనే నేర్చుకున్నవాడికి బ్రేకు తప్ప వేరే సాధనం ఉందని తెలియదు. పాతకారును ఘాట్ నుంచి తరిమేస్తే ఘాట్‌కు భద్రత రాదు. దిగడం తెలిసినవాళ్లు తగ్గిపోతారు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. మహబూబ్ ఘాట్‌కు, కెరమెరి ఘాట్‌కు, కొండగట్టుకు పైభాగంలో బండి ఆపే చోటు కట్టి, "రెండో గేరులో దిగండి" అని లారీ డ్రైవర్‌కు కూడా కనబడేంత పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు పెట్టాలి. అక్కడ నిలబడే మనిషి మోడల్ సంవత్సరం అడగకూడదు. ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టాలి, బ్రేకు పెడల్ ఎంత లోతుకు పోతోందో తొక్కి చూడాలి, వాలు మీద హ్యాండ్‌బ్రేకు వేయించి బండి నిలుస్తుందో లేదో చూడాలి, టైర్ల గాడి చూడాలి. బస్సుకూ జీపుకూ కారుకూ, పాతదానికీ కొత్తదానికీ ఇదే పరీక్ష. ఎక్కువ మందిని ఎక్కించుకున్న బండిలోంచి అదనపువాళ్లను దింపించి, వాళ్లకు ఇంకో బస్సు పిలిపించే అధికారం ఆ మనిషికి ఉండాలి. పాత మహబూబ్ ఘాట్ దారి గుంతలు పూడ్చి, మలుపుల్లో పిట్టగోడలు సరిచేసి, నెమ్మది బండ్ల దారిగా నిలబెట్టాలి. రవాణా శాఖ ఫిట్‌నెస్ తనిఖీలో చక్రం విప్పి చూడటం, బ్రేకు ఆయిల్ పరీక్షించడం తప్పనిసరి చేయాలి. ఈ పరీక్ష దాటని బండి 2024 మోడల్‌దైనా వెనక్కి తిప్పి పంపాలి. దాటిన బండి 1958 అంబాసిడర్ అయినా సరే, దాన్ని ఘాట్ కింద ఆపే హక్కు ఎవరికీ ఉండకూడదు.